ఎల్ఎం317 రివ్యూ: కోత మిషన్ మీద ఎర్ర లేజర్ గీతకి 20 రూపాయల ఐసీ చాలు, కాకపోతే సెల్లులు రెండుండాలె

ముందుగాలనే చెప్తున్న, ఎల్ఎం317 అంటే వోల్టేజీని పట్టి ఉంచే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఐసీ. ఎర్ర లేజర్ డయోడ్‌ని (లేజర్ వెలుగు పుట్టే చిన్న ముక్క) 250 మిల్లీ ఆంపుల లోపట బ్యాటరీ మీద నడపాలంటే ఎల్ఎం317 కంటే చవకగ, మొండిగ పనిచేసేది నాకైతే ఇంకోటి కనవడలే. 5కి 4 స్టార్లు. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోసిన్నో కిందికి పోతాంటే తెలుస్తది. నీలం లేజర్‌కైతే 5కి 1, ఐసీది తప్పని కాదు, అది దాని పని కాదు గంతే.

ఎందుకు వాడుతున్న అంటే, మా బావకి ములుగు రోడ్డు దిక్కు చిన్న ఫర్నిచర్ కార్ఖాన ఉన్నది, రేకుల షెడ్డు. టేబుల్ మీద కోత మిషన్, ప్లైవుడ్ షీటు పెట్టినంక బ్లేడ్ ఎక్కడ దిగుతదో చెక్క మీద ఎర్ర గీత పడాలె అని అడిగిండు. రెడీమేడ్‌గ అమ్మే చిన్న ఇత్తడి లేజర్ మాడ్యూళ్లు పెట్టి చూసినం, రాత్రి బానే ఉంటది, పగలు షెడ్డు తలుపు తీస్తే గీత కనవడది, 5 మిల్లీవాట్లకి అంతకన్న ఆశ పడొద్దు కూడ. అందుకని పాత డీవీడీ రైటర్‌ల ఉండే డయోడ్ తీసి, ముంగట గాజు కడ్డీ అడ్డం పెట్టి, గీత లేజర్ మనమే కట్టుకున్నం. గాజు కడ్డీల నుంచి పోతే చుక్క కాస్త సాగి గీతయితది, పెద్ద ఖర్చేం లేదు.

అడాప్టర్ పెట్టొచ్చు కద, బ్యాటరీ ఎందుకు అంటరు. కోత మిషన్ మోటర్ స్టార్ట్ అయినప్పుడల్ల షెడ్డుల ట్యూబులైటే టపటప కొట్టుకుంటది, ఆపినప్పుడు అదే లైన్ల స్పైకులు వస్తయి, చవక అడాప్టర్ల సంగతి ఎరుకే కద ఆ స్పైకుని లోపటికి రానిస్తయి. బల్బుకైతే ఏం కాదు, లేజర్ డయోడ్‌కి మాత్రం మైక్రోసెకను ఎక్కువ కరెంటు పోయినా ఎలుగు బయటికొచ్చే ముఖం కాలిపోతది. కాలినంక కూడ ఎర్రగ వెలుగుతది, అందుకే చానమందికి పోయిందనే తెల్వది, మసక ఎల్ఈడీ లెక్క వెలుగుతాంటే లెన్సు ఫోకస్ సరిగ్గ లేదేమో అని తిప్పుతనే ఉంటరు. బ్యాటరీ పెడితే మెయిన్సుతోని సంబంధమే లేదు, ఆ తిప్పలు మొత్తం పోయినయి.

ఇంగ అసలు ముచ్చట. లేజర్ డయోడ్‌కి వోల్టేజీ ఇచ్చి కూసుంటే కుదరది, కరెంటు కొలిచి ఇయ్యాలె. నా దగ్గరున్న డయోడ్ దాదాపు 50 మిల్లీ ఆంపుల దాక ఉత్త ఎర్ర దీపం లెక్కనే ఉంటది, ఆ గడప దాటంగనే ఒక్కసారి గోడ మీద కొడతది. 100 దగ్గర దాని మీద వోల్టేజీ 2.4 వరకు ఉంటది. ఇప్పుడు ఎవరన్న 2.4 వోల్టులు గట్టిగ పట్టి ఇస్తే ఏమైతదంటే డయోడ్ వేడెక్కుతది, వేడెక్కితే అదే వోల్టేజీకి ఎక్కువ కరెంటు గుంజుతది, గుంజితే ఇంకింత వేడి, ఇగ గట్లనే పోయి పోయి సచ్చిపోతది. "5 వోల్టుల 7805 పెట్టు అన్నా, ఫోన్ చార్జింగ్ లెక్క ఉంటది" అని సలహా ఇచ్చేటోళ్లు మస్తు మంది ఉంటరు, 7805 అంటే 5 వోల్టులు పట్టి ఇచ్చే ఐసీ, దాన్ని నేరుగ డయోడ్‌కి కలిపితే దాని ఆయుష్షు స్విచ్ నొక్కినంత సేపే.

ఎల్ఎం317ది అందం ఏందంటే దానికి తెలిసింది ఒక్కటే ముచ్చట, అవుట్ కాలుకి అడ్జస్ట్ కాలుకి నడుమ 1.25 వోల్టులు ఉండేటట్టు చూసుకునుడు. ఆ రెండిటి నడుమ ఒక రెసిస్టర్ పెట్టి, లేజర్‌ని అడ్జస్ట్ దిక్కు నుంచి తీసుకుంటే, ఆ రెసిస్టర్ల పోయే కరెంటే లేజర్‌కి పోతది. లెక్క చిన్నపిల్లలు కూడ చేస్తరు, 1.25ని ఓములతోని భాగించుడు. 10 ఓములకి 125 మిల్లీ ఆంపులు, 12కి 104, 5కి 250. నేను 12 పెట్టిన, అర వాట్‌ది. అడ్జస్ట్ కాలు నుంచి పోయే కరెంటు 50 మైక్రో ఆంపులు ఉంటది, మన పనికి లెక్కలకే రాదు. చెరువుల నీళ్లు దిగుతాంటే కాలువకి పారకం తగ్గకుండ తూముని ఇంత ఇంత ఎత్తే నీరటి లెక్క, బ్యాటరీ 8.4 నుంచి 6కి దిగినా ఇది 104నే పంపుతది. బాబ్ డాబ్కిన్ అనే ఇంజినీర్ నేషనల్ సెమీకండక్టర్ కంపెనీల ఉన్నప్పుడు చేసిన డిజైన్ ఇది, ఆ కంపెనీని 2011ల టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనేసింది, ఐసీ మాత్రం ఇంకా తయారైతనే ఉన్నది, కారణం లేకుండ ఉండది కద.

హనుమకొండ చౌరస్తా దిక్కు స్పేర్ పార్ట్స్ షాపుల అడిగితే దొరుకుతది, కాలేజీ ప్రాజెక్టుల సీజన్ల అయితే పోరగాండ్లు ఊడ్చుకపోతరు, అప్పుడు హైదరాబాద్ పోయేటోళ్లకి చెప్పి కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించుకునుడే. అడిగేటప్పుడు జర చూసి అడగాలె. "తమ్మీ, పెద్దదా చిన్నదా" అని షాపాయన రెండు చూపెట్టిండు, చిన్నది ట్రాన్సిస్టర్ లెక్క నల్లగ ఉంటది, ఎల్ఎం317ఎల్ అని రాసి ఉంటది, అది 100 మిల్లీ ఆంపులదే. మనకి కావాల్సింది వెనక లోహపు రేకు, దానికి బొక్క ఉండే టీవో-220 సైజుది, 1.5 ఆంపుల దాక మోస్తది. నాకు 20 తీసుకున్నడు. కాళ్లు కూడ చూసుకోవాలె, అక్షరాలు మన దిక్కు పెట్టి చూస్తే ఎడమ నుంచి అడ్జస్ట్, అవుట్, ఇన్. 7805కి అట్ల కాదు, ఇన్, గ్రౌండ్, అవుట్. 7805 అలవాటున్న చేతులు మిషన్ లెక్క టంకం పెట్టుకుంట పోతయి, ఇక్కడ్నే తేడా కొడతది.

ఇంగో మాట, వెనకున్న రేకు గ్రౌండ్ కాదు, అవుట్. ఇది ఎందుకు చెప్తున్న అంటే అందరు చేసేది ఒక్కటే, ఒక అల్యూమినియం డబ్బ తీసుకోని ఐసీని దానికే బిగిస్తరు, లేజర్ హోల్డర్‌ని కూడ దానికే బిగిస్తరు, చల్లగ ఉంటదని. కొన్ని డయోడ్లల బయటి డొల్ల ప్లస్‌కి కలిసి ఉంటది, కొన్నిట్ల మైనస్‌కి. ప్లస్‌కి కలిసిందైతే ఏమైతదంటే డబ్బ మీదికెళ్లి అవుట్ నేరుగ డయోడ్ ప్లస్‌కి అంటుకున్నట్టు, అంటే మన 12 ఓముల రెసిస్టర్ లేనట్టే, కరెంటుకి పగ్గం తెగినట్టే. టీవీ మెకానిక్కులు వాడే మైకా ముక్క, ప్లాస్టిక్ బుష్ పెట్టి బిగించాలె, బిగించినంక మీటర్ బీప్ మీద పెట్టి రేకుకి డబ్బకి నడుమ సప్పుడు రాకుండ ఉన్నదా చూసుకోవాలె. రెండు రూపాయల మైకా కోసం బద్ధకించొద్దు.

బ్యాటరీల కాడనే అసలు రివ్యూ. ఎల్ఎం317కి తిండి ఎక్కువ, ఆ కోసిన స్టార్ ఇక్కడ్నే పోయింది. లేజర్‌కి 2.4, రెసిస్టర్ మీద 1.25, ఐసీ లోపట 100 మిల్లీ ఆంపులకి 1.7 వరకు, మొత్తం కలిపితే 5.35 వోల్టులు ఉంటేనే అది పట్టు మీద ఉంటది. అందుకని 18650 సెల్ (ల్యాప్‌టాప్ బ్యాటరీలల్ల ఉండే గుండ్రటి లిథియం సెల్) ఒక్కటితోని కాదు, ఫుల్ చార్జ్ ఉన్నా 4.2నే కద. ఏఏ సెల్లులు నాలుగు పెడితే కొత్తయి ఉన్నప్పుడు 6 ఉంటది, జర వాడంగనే ఒక్కోటి 1.3కి దిగుతది, ఖేల్ ఖతం. మీటర్‌ల ఉండే 9 వోల్టుల చదరపు బ్యాటరీ వోల్టేజీకి సరిపోతది గాని దాంట్ల సరుకు లేదు, మంచి ఆల్కలైన్‌ది 500 ఎంఏహెచ్ (ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇస్తదో చెప్పే లెక్క) దగ్గర ఉంటది, మన షాపులల్ల చవకగ దొరికేదాంట్ల అంత కూడ ఉండది, 100 మిల్లీ ఆంపులు గుంజితే వోల్టేజీ కూలబడుతది, రోజు పని చేసేదానికి అదేం లెక్క. 18650 రెండు సిరీస్‌ల పెడితే ఫుల్‌గ 8.4, దిగిపోయినప్పుడు 6, మొదలు నుంచి చివరి దాక ఐసీ పట్టు తప్పది. మీటర్ పెట్టి కరెంటు చూసిన, ప్యాక్ 8.3 ఉన్నప్పుడు ఎంతో 6.2కి వచ్చినంక కూడ అంతే, గీతల తేడా లేదు.

ఇదే పనిని ఉత్త రెసిస్టర్‌తోని ఒక్క సెల్ మీద చేస్తే ఏమైతదో లెక్క చూడుండ్రి. 4.2 నుంచి 2.4 తీస్తే 1.8, దాన్ని 104 మిల్లీ ఆంపులతోని భాగిస్తే 17 ఓములు. బాగనే ఉన్నది. సెల్ 3.3కి దిగినప్పుడు మిగిలేది 0.9, కరెంటు సగానికి పడి 52 అయింది, అంటే గడప మీద కూసున్నది, గీత మాయం. సెల్‌ల ఇంకా చార్జ్ ఉన్నది, లేజర్ మాత్రం లేదు. రెడీమేడ్ మాడ్యూళ్లల్ల చానవాటిల లోపట ఉండేది గీ చిన్న రెసిస్టరే, ఇంకేం లేదు, అందుకే బ్యాటరీ మీద నడిపితే రోజు రోజుకి వెలుగు తగ్గుతాంటది.

ఇసొంటి లీనియర్ రెగ్యులేటర్‌ల (ఎక్కువైన వోల్టేజీని వేడి చేసి పారేసేది) ఇంకో సుఖం, ఎంతసేపు నడుస్తదో అడిగితే నోటి లెక్కల చెప్పొచ్చు. బ్యాటరీ నుంచి గుంజేది, లేజర్‌కి పోయేది ఒకటే కరెంటు. 2500 ఎంఏహెచ్ సెల్లులైతే 104తోని భాగిస్తే 24 గంటలు. కార్ఖానల గీత కావాల్సింది షీటు సెట్ చేసుకునేటప్పుడే కాబట్టి వారం దాటుతది. కాకపోతే దుబారా ఉన్నది, ఫుల్ బ్యాటరీ మీద మొత్తం 0.87 వాట్లు ఖర్చయితే లేజర్‌కి అందేది 0.25, మిగిలిందంత వేడి. మూడొంతులు వేడికి పోసుడు సదువుకున్నోళ్లకి నచ్చది, నాకైతే 24 గంటలు నడుస్తాంటే ఏం బాధ లేదు. ఐసీ మీద పడేది అర వాటే, హీట్‌సింక్ లేకున్నా ముట్టుకుంటే వేడిగ తగులుతది అంతే.

సెల్లులు కొనేటప్పుడు 9800 ఎంఏహెచ్ అని రాసినయి చూసి మురిసిపోవద్దు. అసలు 18650ల మంచి కంపెనీదైనా మామూలుగ 3500 చుట్టుపక్కలనే ఆగుతది, దానికి చాన మీద రాస్తే అది రాత మాత్రమే. చేతిల పట్టుకుంటే కూడ తెలుస్తది, అసలుది 45 గ్రాములకి అటిటు బరువుంటది, నకిలీది తేలిగ్గ ఉంటది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పగలగొట్టి తీసిన సెల్లులు కూడ వాడొచ్చు గాని రెండు ఒకే ప్యాక్‌ల నుంచి వచ్చినయి, ఒకే తీరు చార్జ్ పట్టేటియి అయ్యుండాలె. ఎందుకంటే ఎల్ఎం317 ఎక్కడ ఆపాల్నో తెల్వని మనిషి, ప్యాక్ 5.35కి దిగేదాక నిండుగ గుంజుతది, ఆ కిందికి కూడ తగ్గుకుంట గుంజుతనే ఉంటది. 5.35 కాడ సమానంగ ఉంటే ఒక్కోటి 2.67, సమానంగ లేకుంటే ఒకటి 3.4ల కూసుంటది, రెండోది 2కి కింద పోయి ఖరాబయితది. దానికి 2ఎస్ ప్రొటెక్షన్ బోర్డు (సిరీస్‌ల ఉన్న రెండు సెల్లులల్ల ఏదన్న మరీ దిగితే ఆపేసేది) అని దొరుకుతది, అది తప్పకుండ పెట్టాలె. చార్జింగ్‌కి టీపీ4056 బోర్డు ఒక్క సెల్‌కే, సిరీస్‌ల ఉన్న రెండిటికి దాన్ని తగిలియ్యొద్దు, నేనైతే హోల్డర్‌ల నుంచి తీసి బయట చార్జర్‌ల పెడుత. మే నెలల రేకుల కింద 45 డిగ్రీలు దాటుతది, లిథియం సెల్‌ని ఆ వేడిల చార్జ్ పెట్టుడు మంచిది కాదు, ఇంటికి తీస్కపోయి రాత్రి పెడుతడు బావ.

కట్టినంక లేజర్‌ని వెంటనే కలపొద్దు. 1ఎన్4007 అనే మామూలు డయోడ్లు మూడు సిరీస్‌ల పెడితే 100 మిల్లీ ఆంపులకి ఒక్కోటి 0.8 వేసుకున్నా 2.4, అచ్చం మన లేజర్ లెక్కనే ఉంటది, దాంతోని 1 ఓము రెసిస్టర్ ఒకటి కలిపి దాని మీద మీటర్ పెడితే ఎన్ని మిల్లీవోల్టులు చూపెడితే అన్ని మిల్లీ ఆంపులు. నాకు 103 చూపెట్టింది. మూడు రూపాయల డయోడ్ల మీద తప్పులన్ని చేసుకోని, అన్ని సరిగ్గ ఉన్నంక లేజర్ పెట్టాలె. లేజర్ పక్కపొంటి కెపాసిటర్ పెడితే గీన్నే పెద్ద గండం ఉన్నది, లేజర్ లేకుండ స్విచ్ వేస్తే ఆ కెపాసిటర్ బ్యాటరీ వోల్టేజీ దగ్గర్దాక నిండుకుంటది, స్విచ్ ఆపినా అట్లనే ఉంటది, అప్పుడు లేజర్ కలిపితే అందులున్నదంత ఒక్కసారి దాని మీద కుమ్మరిస్తది. కాళ్లు రెండు స్క్రూడ్రైవర్‌తోని ముట్టించి ఖాళీ చేసినంకనే కలపాలె. ఇదే లెక్కన స్విచ్ బ్యాటరీ దిక్కు ఉండాలె, రెగ్యులేటర్‌కి లేజర్‌కి నడుమ ఎప్పటికి పెట్టొద్దు. వెలుగు తగ్గిచ్చి పెంచేతందుకు ప్రీసెట్ (తిప్పితే ఓములు మారే చిన్న రెసిస్టర్) పెడితే ఒక గట్టి రెసిస్టర్‌ని దానికి సిరీస్‌ల పెట్టుండ్రి, ప్రీసెట్ సున్నాకి తిరిగినా ఆ రెసిస్టర్ కాడ ఆగుతది. సెల్ హోల్డర్‌ల స్ప్రింగులు కూడ మంచియి చూసుకోవాలె, కోత మిషన్ అదురుకి లూజ్ అయితే లేజర్ చిటికెలు కొట్టినట్టు ఆరుతది వెలుగుతది.

కంప్లైంట్ ఒకటున్నది, ఐసీది కాదు, ఈ పద్ధతిదే. ఇది కరెంటుని గట్టిగ పడతది గాని వెలుగుని కాదు. డయోడ్ వేడెక్కితే ఆ గడప కరెంటు పెరుగుతది, 104 అట్లనే ఉన్నా గీత జర పలచబడుతది. ఎండకాలం మిట్టమధ్యాహ్నం షెడ్డుల తేడా తెలుస్తది, పొద్దుగాల ఉన్నంత ఉండది. చిన్న పాయింటర్ డయోడ్లల్ల వెలుగుని కొలిచే ఫోటోడయోడ్ లోపట్నే ఉంటది, దాన్ని చూసుకుంట కరెంటు సదిరే సర్క్యూట్లు వేరే ఉన్నయి, డీవీడీ రైటర్ డయోడ్ల ఆ మూడో కాలు ముచ్చట మామూలుగ ఉండది. వెలుగు తగ్గిందని రెసిస్టర్ తగ్గించి కరెంటు పెంచుడు మాత్రం చెయ్యొద్దు, హోల్డర్ అల్యూమినియంది పెద్దది పెట్టుకోవాలె.

కండ్ల ముచ్చట రాయకుంటే రివ్యూ పూర్తి కాదు. లేజర్ ఎంత ప్రమాదమో చెప్పే క్లాసులల్ల 1 నుంచి 5 మిల్లీవాట్ల దాక కనవడే లేజర్ క్లాస్ 3ఆర్, దాని మీద 500 దాక 3బీ, డీవీడీ రైటర్ డయోడ్ 100 మిల్లీ ఆంపుల మీద 3బీల పడ్డట్టే అనుకోవాలె. గీతగ సాగదీసినంక జర పలచనైతది గాని గాజు కడ్డీ దగ్గర్నే కన్ను పెడితే పలచనేం ఉండది. మెరిసే బ్లేడ్ మీద పడి తిరిగొచ్చేది ఎవరు లెక్కల పెట్టుకోరు, అందుకే మాది నిలువుగ కిందికే చూసేటట్టు బిగించి చుట్టు నల్ల రేకు మూత పెట్టినం. ఫోకస్ చేసేటప్పుడు 650 నానోమీటర్లకి పనిచేసే అద్దాలు పెట్టుకోవాలె, వెల్డింగ్ అద్దాలు, నల్ల కూలింగ్ గ్లాసులు దీనికి లెక్కకు రావు. ఇంకోటి, డీవీడీ రైటర్‌ల రెండు తీర్ల లేజర్ ఉంటది, డీవీడీకి ఎర్రది, సీడీకి 780 నానోమీటర్లది. ఆ రెండోది కంటికి సరిగ్గ ఆనది, వెలుగుతలేదు పోయింది అనుకోని దగ్గర పెట్టుకోని చూస్తరు, అది పోలేదు మన కన్నే పోతది. ఏది ఏదో తెల్వకుంటే ఫోన్ కెమెరాతోని చూడాలె, కంటితోని కాదు.

నీలం లేజర్‌తోని చెక్క మీద పేర్లు కాలుస్తమని అడిగేటోళ్లకి, 450 నానోమీటర్ల డయోడ్ ఒకటి 1.2 ఆంపుల మీద 4.8 వోల్టులు తీసుకుంటది అనుకోండి, రెసిస్టర్‌కి 1.25, ఐసీకి 2 దాటి, 8 మీదికెళ్లే పోతది, అంటే సెల్లులు మూడు కావాలె. ఫుల్ చార్జ్ మీద 12.6 నుంచి 4.8 తీస్తే 7.8, దాన్ని 1.2తోని గుణిస్తే 9 వాట్లు దాటి వేడే, లేజర్‌కి పోయేదానికన్న వేడికి పోయేదే ఎక్కువ. దానికి బక్ డ్రైవర్ (వోల్టేజీని తక్కువ వేడితోని తగ్గించే బోర్డు) కొనుక్కోండి, కరెంటు సెట్ చేసేది, పైసలు ఎక్కువైనా. బావ రెండో మిషన్‌కి కూడ ఎర్ర గీతనే అడిగిండు, దానికి ఐసీ, 12 ఓములు, మైకా తెచ్చి పెట్టిన, సెల్లులు మాత్రం ఈసారి కొత్తయి కొందమన్న, పాత ల్యాప్‌టాప్‌యి ఒద్దు.